ఏడో నిబంధన

కొత్తరేవులో ఇల్లు కొనాలన్నా, అద్దెకు దిగాలన్నా ముందు గోడ డాక్టరును పిలిపించడం అలవాటు. ఆ పేరు ఊరివాళ్ళు పెట్టిందే. చేతిలో చిన్న సుత్తి, జేబులో టార్చిలైటు ఉన్న ప్రతివాడూ గోడ డాక్టరే. గోడ మీద నాలుగు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి విని, ఇల్లు గట్టిదని కాగితం రాసిచ్చేవాడు. ఉప్పు ఇసుకతో కట్టిన ఇళ్ళకు కూడా అదే కాగితం వచ్చేది. పిలిపించేది చాలాసార్లు ఇల్లు అమ్మేవాడే కదా మరి.

ఒక వేసవిలో, రేవు రోడ్డులో కట్టి నాలుగేళ్ళయినా నిండని అపార్టుమెంటులో మూడో అంతస్తు బాల్కనీ ఊడిపడింది. బట్టలు ఆరేస్తున్న తల్లీకూతుళ్ళు పోయారు. ఆ భవనానికి ముగ్గురు గోడ డాక్టర్లు గట్టిదని రాసిచ్చి ఉన్నారు. అప్పుడు పురపాలక సంఘం మేలుకుంది. ప్రైవేటు తనిఖీదారులకు లైసెన్సులు పెట్టాలని తీర్మానించి, నియమావళి రాయడానికి ఐదుగురితో ఉపసంఘం వేసింది. ఆ ఐదుగురిలో నేనొకదాన్ని.

నా పేరు త్రిపుర. ఊళ్ళో ఇంజనీరింగు కాలేజీలో కాంక్రీటు పాఠాలు చెప్పేదాన్ని. నా భర్త చంద్రమౌళి అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. మేమిద్దరం పదకొండేళ్ళు కూర్చుని ఒక పరికరం తయారుచేశాం. అప్పడమంత బిళ్ళ. పేరు శ్రవణి. ప్రమాదం జరిగిన మర్నాడు ఆ అపార్టుమెంటు స్తంభానికి దాన్ని అతికించి, కమిషనరుగారిని పక్కన నిలబెట్టుకుని ఇరవై నిమిషాలు ఆగాం.

“ఏం చేస్తోంది?” అన్నారాయన.

“వింటోంది సార్. లోపల కడ్డీ తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బితే కాంక్రీటు చీలుతుంది. చీలినప్పుడల్లా చిటుకుమంటుంది. అది మన చెవులకు అందదు.”

బిళ్ళ మీద పదిహేడు అంకె వచ్చింది, పక్కన ఎర్రదీపం వెలిగింది. నూటికి నలభై కంటే తక్కువైతే ఎరుపు. మేస్త్రీని పిలిపించి స్తంభం పగలగొట్టిస్తే, లోపలి కడ్డీ వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. కమిషనరుగారు ఆ పొడిని జేబురుమాలులో మూటకట్టి తీసుకువెళ్ళి దాచి, ఉపసంఘం మొదటి సమావేశంలో బల్ల మీద పోశారు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

నియమావళిలో పదకొండు నిబంధనలు. తనిఖీదారు పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. పని పురపాలక సంఘమే అప్పగించాలి. ఎరుపు వచ్చిన ఇల్లు పది రోజుల్లో ఖాళీ చేయించి, రెండు నెలల్లో కూల్చాలి. ఇలా చాలావరకు మిగతావాళ్ళు రాసినవే. ఏడో నిబంధన మాత్రం నాది. శ్రవణి చూపిన అంకెకు తనిఖీదారు తన సొంత అభిప్రాయమేదీ జోడించరాదు. జోడిస్తే లైసెన్సు రద్దు. “మనిషి అభిప్రాయాన్ని కొనవచ్చు. అంకెను కొనలేరు,” అన్నాను ఉపసంఘంలో. అందరూ బల్లలు చరిచారు. ఆ చప్పుడు నాకు చాలా బాగుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మౌళి వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తున్నాడు.

“మూడిళ్ళ సంగతి చెప్పావా?” అన్నాడు తలెత్తకుండా.

మూడిళ్ళ సంగతి ఇది. శ్రవణిని పరీక్షించడానికి మేము ఊళ్ళో మూడువందల పన్నెండు ఇళ్ళు తిరిగాం. అందులో మూడు మగ్గాల బజారులోవి. ఆ వీధిలో నలభై ఒక్క ఇళ్ళు, ప్రతి ఇంట్లో నేలలో తవ్విన గుంతలో మగ్గం. కనకవల్లి అనే ఆవిడ ఇంట్లో, భోజనాల వేళ మగ్గం ఆపాక, స్తంభానికి బిళ్ళ అతికించాం. ఇరవై రెండు, ఎరుపు. పక్కిల్లు ఎరుపు. ఎదురిల్లూ ఎరుపే. కనకవల్లి మాకు మజ్జిగ ఇచ్చి, “మా ఇల్లు ఎట్టా ఉందమ్మా?” అని అడిగింది. “ఇంకా చూడాలి,” అన్నాను.

మౌళి ఆ స్తంభం నుంచి బొటనవేలంత ముక్క తొలిచి తెచ్చాడు. కాలేజీలో యంత్రం కింద పెట్టి నొక్కితే అది పగలనే పగలలేదు. ఇప్పటి కాంక్రీటు కంటే గట్టిగా ఉంది, లోపల చీలిక ఒక్కటీ లేదు. అంటే తప్పు ఇంటిది కాదు, శ్రవణిది. నలభై ఏళ్ళుగా మగ్గం దెబ్బకు ఇటుక గోడకూ స్తంభానికీ మధ్య వెంట్రుకంత సందు పడి ఉంటుందనీ, మధ్యాహ్నపు ఎండకు ఆ రెండూ రాసుకుని చిటుకులు పుట్టిస్తున్నాయనీ మౌళి ఊహించాడు. ఊహ నిజమో కాదో తేల్చడానికి కనీసం ఏడాది పడుతుంది. మాకు అంత వ్యవధి లేదు. నోటుపుస్తకంలో ఆ మూడిళ్ళ పక్కన ‘కొలత సరిగా రాలేదు’ అని రాసి, ఉపసంఘానికి ఇచ్చిన నివేదికలో మూడువందల తొమ్మిది ఇళ్ళే చూపించాను. రాసింది నా చెయ్యే.

“నియమావళి అమల్లోకి రానీ మౌళీ. తర్వాత సవరణ పెడదాం,” అన్నాను. “ఇప్పుడీ మాట ఎత్తితే మళ్ళీ సుత్తివాళ్ళే దిగుతారు. ఇంకో బాల్కనీ పడుతుంది.”

“మగ్గాల బజారుకు తనిఖీ వస్తే?”

“అమ్మే ఇళ్ళకూ అద్దె ఇళ్ళకూ మాత్రమే కదా తనిఖీ. వాళ్ళెప్పుడు అమ్మారు గనక?”

అతను ఇంకో బీరకాయ అందుకున్నాడు. చెక్కు తీయడం ఆపలేదు. 

మొదటి ఆరు నెలల్లో శ్రవణి ఎర్రదీపం చూపిన ఇళ్ళు పదమూడు. కూల్చినప్పుడు ప్రతిదాంట్లోనూ తుప్పే. పత్రికలు మా ఫోటోలు వేశాయి. ఆ ఊపులో పురపాలక సంఘం, ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఇల్లూ తనిఖీ చేయించాలని మరో తీర్మానం చేసింది. ఆ రోజు నేను కాలేజీలో పాఠం చెబుతున్నాను. కబురు విని, పాఠం ఆపకుండా చెప్పేశాను.

మగ్గాల బజారు యాకోబు మేస్త్రీ వంతుకు వచ్చింది. ఆయనకు అరవై ఆరేళ్ళు. లైసెన్సు పరీక్ష రెండోసారికి పాసైనవాడు. మెడలో తనిఖీదారు కార్డు వేసుకునే చర్చికి కూడా వెళ్ళేవాడని అందరూ నవ్వుకునేవారు. నలభై ఒక్క ఇళ్ళూ ఎరుపు వచ్చాయి. ఆయన నలభై ఒక్క నివేదికల్లోనూ అంకె వేసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాశాడు: ‘అంకె తప్పు. స్తంభం మంచిది. ఉలితో గీకి చూశాను, సుత్తితో విన్నాను.’

ఏడో నిబంధన ప్రకారం ఆయన మీద విచారణ పెట్టారు.

విచారణ పురపాలక సంఘం సమావేశ మందిరంలో, పొద్దున పదకొండింటికి. యాకోబు మేస్త్రీ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. వెనక కుర్చీల్లో మగ్గాల బజారువాళ్ళు పదిపన్నెండు మంది, వాళ్ళ పక్కన మౌళి. నేను సాంకేతిక సాక్షిని.

పురపాలక సంఘం వకీలు మొదలుపెట్టాడు. “మేస్త్రీ గారూ, మగ్గాల బజారు ఇళ్ళు కట్టింది ఎవరు?”

“మా నాయనండి. ఆయన కింద నేను. నలభై నాలుగేళ్ళయింది.”

“అంటే మీరు కట్టిన ఇళ్ళను మీరే తనిఖీ చేసి, మీరే బాగున్నాయని రాశారు.”

“నేను కట్టానని కాదండి. బాగున్నాయి గనక రాశాను.”

వకీలు నా వైపు తిరిగాడు. “మేడమ్, దీనికి మీరేమంటారు?”

“తను చేసిన పనిలో తప్పుందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే,” అన్నాను. “ఏడో నిబంధన పెట్టింది అందుకే.”

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు స్థిరంగా ఉంది. ఈ రోజుకీ నాకు అర్థం కానిది అదే.

కమిషనరుగారు మేస్త్రీతో, మీరు సాక్షిని ఏమన్నా అడగదలిచారా అన్నారు. ఆయన నా వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. కోపం లేదు. పని దగ్గర కొలత అడిగినట్టే అడిగాడు.

“అమ్మా, మగ్గం ఉన్న ఇంట్లో ఈ బిళ్ళ పెట్టి ఎప్పుడైనా చూశారా? ఆ చప్పుడుకి గోడ ఇట్టా ఒదిలి, అట్టా అంటుకుంటా ఉంటది. ఇదేమన్నా దాన్ని వింటందేమోనని నా అనుమానం. నాకు చదువు లేదు. మీరు చెబితే నమ్ముతాను.”

పదకొండేళ్ళ పరిశోధనతో మౌళి ఊహించింది, ఆయన సుత్తి పట్టుకుని ఒక్క రోజులో పట్టుకున్నాడు. మందిరంలో ఫ్యాను తిరుగుతోంది. నాకు వెనక కూర్చున్న కనకవల్లి కనిపిస్తోంది. ఆమె నన్ను గుర్తుపట్టి చిన్నగా నవ్వింది. తన ఇంటికి వచ్చి చూసివెళ్ళినదాన్ని గనక నిజం చెబుతానని నమ్మింది కాబోలు.

“చూశాం,” అన్నాను. “తేడా ఏమీ రాలేదు.”

“సరేనమ్మా,” అన్నాడు యాకోబు మేస్త్రీ. మెడలో కార్డు తీసి, దాని తాడును వేలికి చుట్టి, జాగ్రత్తగా కమిషనరుగారి బల్ల మీద పెట్టాడు. వెనక కుర్చీ చప్పుడైంది. మౌళి లేచాడు. చెప్పేస్తాడనుకున్నాను. చెబితే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. అతను తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పది రోజుల్లో మగ్గాల బజారు ఖాళీ అయింది. వాళ్ళకు బైపాసు పక్కన రేకుల షెడ్లు ఇచ్చారు. అక్కడ నేల సిమెంటు, గుంత తవ్వనివ్వరు. గుంత లేకపోతే మగ్గం లేదు. మగ్గాల కర్రలు విప్పి షెడ్ల వెనక పేర్చారు. వానకు అవి నల్లబడ్డాయి. ఆడవాళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తుంచే పనికి వెళ్ళారు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. అప్పుడు ఆ షెడ్ల వైపు వెళ్ళేదాన్నే కాదు.

మొదటి ఇల్లు కూల్చిన రోజు మాత్రం మగ్గాల బజారుకు వెళ్ళక తప్పలేదు. కూల్చివేతకు సాంకేతిక సాక్షి సంతకం కావాలని పదో నిబంధన. మొదటిది కనకవల్లి ఇల్లే.

పొక్లెయినరు ఇటుక గోడను గంటలో పడేసింది. స్తంభాల దగ్గర ఆగిపోయింది. ఇనుప మూతి పెట్టి ఎంత పొడిచినా కాంక్రీటు పెచ్చులే ఊడాయి తప్ప స్తంభం విరగలేదు. డ్రైవరు దిగివచ్చి, “ఏంది మేడమ్, ఇది పడిపోయే ఇల్లా?” అన్నాడు. పగలగొట్టే యంత్రం వేరేది తెప్పించారు. మధ్యాహ్నం దాటాక మొదటి స్తంభం విరిగింది.

కడ్డీలు కోయడానికి గుత్తేదారు పెట్టుకున్న కూలీల్లో యాకోబు మేస్త్రీ ఉన్నాడు. లైసెన్సు పోయాక ఆయనకు దొరికిన పని అది. ఆయన విరిగిన స్తంభంలోంచి మూరెడు కడ్డీ కోసి, చల్లారేదాకా నీళ్ళలో ఉంచి, లుంగీ అంచుతో తుడిచి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎక్కడా తుప్పు చుక్క లేదు. నిన్న కొట్టులో కొన్నట్టు నీలంగా మెరుస్తోంది.

“మా నాయన ఇసుక ఏటినించి తెప్పించేవాడమ్మా. మూడుసార్లు కడిగించేవాడు,” అన్నాడు. అంతే. మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాడు.

నేను సంతకం పెట్టాను.

ఆ రోజే వెళ్ళి కమిషనరుగారితో చెప్పి ఉంటే ఒక్క ఇంటితో పోయేది. చెప్పలేదు. ఒక్క ఇల్లు రుజువు కాదని నాకు నేను చెప్పుకున్నాను. మరో ఆరు పట్టణాలు మా నియమావళిని తీసుకోబోతున్నాయి, వాళ్ళ బృందం వారంలో వస్తోంది, వాళ్ళు వెళ్ళాక చెబుతాననుకున్నాను. రోజుకు రెండేసి ఇళ్ళు కూలుతున్నాయి. రోజూ వెళ్ళాను, రోజూ నీలం కడ్డీలు చూశాను, రోజూ సంతకం పెట్టాను. బృందం వచ్చింది. వాళ్ళకు రేవు రోడ్డు అపార్టుమెంటు తుప్పు చూపించాను. మగ్గాల బజారు దాటి వెళ్ళేటప్పుడు కారు అద్దం ఎత్తమన్నాను, దుమ్మని.

మౌళి ఇంట్లో నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేశాడు. కూల్చివేత మొదలైన తొమ్మిదో రోజు సాయంత్రం కాలేజీ ప్రయోగశాలలో అసలు నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. ఆ పేజీ దగ్గర తెరిచి ఉంది.

“రేపు నేను చెబుతాను,” అన్నాడు.

“నన్ను జైల్లో పెట్టిస్తావా?”

“ఇద్దరినీ. విచారణ రోజు నేను లేచి నోరు తెరవాల్సింది. బయటికి వెళ్ళి బండి స్టాండు దగ్గర నిలబడ్డాను త్రిపురా. నువ్వు అబద్ధమాడావు, నేను నిలబడ్డాను. రెండింటికీ పెద్ద తేడా లేదు.”

నేను ఆ పేజీ చూశాను. ‘కొలత సరిగా రాలేదు.’ నా అక్షరాలు ఎప్పుడూ బాగుంటాయని మా టీచర్లు మెచ్చుకునేవారు.

“వద్దు,” అన్నాను. “నేనే చెబుతాను. నువ్వు పక్కన ఉండు.”

మర్నాడు పురపాలక సంఘం సాధారణ సమావేశం. అధ్యక్షురాలు అనుమతి ఇచ్చాక నోటుపుస్తకం చేత్తో పట్టుకుని నిలబడి మొత్తం చెప్పాను. మూడిళ్ళు, తొలిచిన ముక్క, వదిలేసిన కొలతలు, విచారణలో నా జవాబు. కౌన్సిలర్లలో ఒకరు, “ఇప్పుడా చెప్పేది?” అని అరిచారు. మరొకరు, ఏడో నిబంధన విని ఉపసంఘంలో బల్ల చరిచినవారు, ఇప్పుడు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. కూల్చివేతలు ఆపమని అప్పటికప్పుడు ఫోను వెళ్ళింది. పందొమ్మిది ఇళ్ళు పోయాయి. ఇరవై రెండు మిగిలాయి.

యాకోబు మేస్త్రీని పిలిపించారు. పని దగ్గరినుంచి వచ్చాడు, కనుబొమల మీద సిమెంటు దుమ్ము. కార్డు తిరిగి ఇస్తూ కమిషనరుగారు క్షమాపణ చెప్పారు. ఆయన తీసుకుని, నా వైపు చూశాడు.

“మొదటి కడ్డీ మీ చేతిలో పెట్టి తొమ్మిది రోజులైందమ్మా. ఈ తొమ్మిది రోజులూ ఏం చేశారు?”

నేను చేతిలోని నోటుపుస్తకం మూశాను. ఆయన కార్డు మెడలో వేసుకుని కూర్చున్నాడు.

ఆ నెలలోనే ఏడో నిబంధన తీసేసి కొత్తది రాశారు. తనిఖీదారు చేత్తో, కంటితో చూసింది కూడా తప్పక రాయాలి. అది అంకెతో కలవకపోతే స్తంభం ముక్క తొలిచి పరీక్షించాలి. ఆ వాక్యాలు రాయించింది యాకోబు మేస్త్రీ. శ్రవణిని తీసిపారేయాలని కొందరన్నారట. “రేవు రోడ్డు అపార్టుమెంటు తుప్పు దానికే వినబడింది. అదీ ఉండనీండి, నా చెయ్యీ ఉండనీండి,” అన్నాడట. కాలేజీ నన్ను తొలగించింది. నా మీద, మౌళి మీద కేసు నడుస్తోంది.

ఇల్లు పోయిన పందొమ్మిది కుటుంబాలకు, మీ ఇంట్లో లోపం లేదని పురపాలక సంఘం ఉత్తరం రాసింది. పోస్టులో పంపిస్తామన్నారు. నేను పట్టుకెళతానని అడిగాను. ఎందుకడిగానో అప్పుడు సరిగ్గా తెలియదు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఉత్తరం చేతికిచ్చి నమస్కారం పెట్టి వచ్చేయవచ్చుననే అనుకున్నాను.

ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. కనకవల్లి షెడ్డు ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. రొయ్యల తలలు తుంచి తుంచి వేళ్ళ చివర్లు తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఉత్తరం చదువుకుంది. రెండోసారి చదువుకుంది. తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు.

“మా అమ్మకు కూడా చెప్పండి,” అంది. “ఆ ఇల్లు ఆమెది. మంచం మీద ఉంది. చెవులు వినపడవు. గట్టిగా చెప్పాలి.”

లోపల నులక మంచం మీద ఎనభై దాటిన ముసలావిడ కూర్చుని ఉంది. పేరు సుబ్బాయమ్మ. అరవై ఏళ్ళు మగ్గం చప్పుడు విన్న చెవులు. నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “మామ్మగారూ, మీ ఇల్లు మంచిదే,” అన్నాను.

“ఆ?”

“మీ ఇల్లు మంచిదే!”

“తెలుసు గదమ్మా. మంచిదే. మా ఆయన, నేను నీళ్ళు మోసి తడిపాం ఆ స్తంభాలు,” అంది. “మరి ఎందుకు పడగొట్టారు?”

నేను చెప్పాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముఖం నాకు దగ్గరగా తెచ్చింది. వినబడలేదు. మళ్ళీ చెప్పాను. రేకుల షెడ్డు. మాట గోడలకు తగిలి బయటికి వెళుతోంది. పక్క షెడ్డులోంచి ఒకామె గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక ఇద్దరు మగవాళ్ళు, తర్వాత మరికొందరు. ఎవరూ లోపలికి రాలేదు. ఎవరూ వెళ్ళిపోలేదు. కనకవల్లి చేటతో సహా వాళ్ళ ముందు నిలబడింది.

“గట్టిగా చెప్పమ్మా,” అంది సుబ్బాయమ్మ, నా భుజం మీద చెయ్యి వేసి. “వినపళ్ళా.”

నేను ఊపిరి పీల్చుకుని, వీధంతా వినేలా అరిచాను.

“నాకు ముందే తెలుసు మామ్మా! తెలిసీ అబద్ధం చెప్పాను!”